కనురెప్ప మీద కార్డు

కఫ్ర్ షలబీ
జనవరి 8, ఆదివారం

ఒరే వహ్దాన్,

కంప్యూటర్ మళ్ళీ ఆగిపోయింది. మీ రబాబ్ నోరు తెరుచుకుని ఉంది, మీ అల్లుడి చేతిలో కేకు ముక్క ఉంది, ఆ రెంటికీ మధ్య ఒక గుండ్రటి చక్రం తిరుగుతోంది. మధ్యాహ్నం నమాజుకి వెళ్ళొచ్చాను, తిరుగుతోంది. టీ కాచుకు తాగాను, తిరుగుతోంది. మీ అక్క వచ్చి తెర వంక చూసి, "పాపం పిల్ల మే నెల నించీ నోరు తెరుచుకునే ఉందండీ, ఆ ముక్కేదో పెట్టించి పుణ్యం కట్టుకోండి" అని వాకిలి ఊడ్చుకోడానికి పోయింది.

నువ్వేమో కైరోలో కూర్చుని, కూతురి పెళ్ళయి ఎనిమిది నెలలయింది ఆల్బమేదీ అని మైక్రోబస్సు ఫిక్రీ చేత కబురు మీద కబురు. వాడు ప్రతి కబురులోనూ తనదో గరిటెడు కలుపుతాడు. "మా బావగారు అసలు కెమెరా మూత తీశారా అని అడగమన్నాడు మీ బావమరిది" అన్నాడు మొన్న. అది నువ్వన్నదా, వాడు కలిపిందా? నువ్వే అని ఉంటావు. ముప్ఫై ఏళ్ళ స్టూడియోరా నాది. ఈ ఊళ్ళో గుర్తింపు కార్డు మీద ఏ మొహం కనపడ్డా అది నేను పెట్టిన మొహమే.

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. నా ఫోను బాతుల తొట్టిలో పడ్డప్పట్నించీ చెవి దగ్గర పెట్టుకుంటే వినపడదు, స్పీకరు పెడితే వీధి మొత్తానికీ వినపడుతుంది. నువ్వు నన్ను బద్ధకస్తుడన్న సంగతి నాకంటే ముందు మంగలికి తెలిసింది. అందుకని ఇక ఉత్తరాలే. ఫిక్రీకి చదువు రాదు. మన గుట్టుకి అదొక్కటే కాపలా.

ఆలస్యానికి అసలు కారణం చెబుతాను, మనసులో పెట్టుకో. మీ వియ్యపురాలు దౌలత్ గారికి ఫ్లాషంటే భయం. మెరుపు రాకముందే కళ్ళు మూసేస్తుంది. మీ వాళ్ళ పెళ్ళిలో నేను తీసింది పంతొమ్మిది వందల ఫోటోలు. అందులో ఆవిడున్నవి రెండు వందల పన్నెండు. రెండు వందల పదకొండింటిలో నిద్రపోతోంది. ఒక్కదాంట్లో మాత్రం కళ్ళు ఇంతేసి చేసుకుని ఉంది, పక్క బల్ల మీదకి మాంసం పళ్ళెం వస్తోందప్పుడు. ఆ కళ్ళనే తీసి మిగతావాటికి అతికిస్తున్నాను. ఒక్కో జతకి మూడు గంటలు పడుతోంది.

టాంటాలో కంప్యూటర్లు బాగుచేసేవాణ్ణి అడిగితే, నా దాంట్లో గ్రాఫిక్స్ కార్డే లేదన్నాడు. బొమ్మల పనంతా దానిదేనట. అది లేక, లెక్కలు చూసుకోవాల్సిన మెదడే బొమ్మలు కూడా మోస్తోందట. మీ నాన్న గుడ్లు పొదిగించే కొట్టంలో మనిద్దరం పని ఎగ్గొట్టిన రోజు ఆయనొక్కడే పొయ్యీ గుడ్లూ చూసుకున్నాడే, అలాగన్నమాట.

నువ్వు లిఫ్టు నడిపే బిల్డింగు కంప్యూటర్ బజారు పక్కనేగా. తొమ్మిదంతస్తుల చదువుకున్నవాళ్ళు రోజూ నీ చేతుల మీదుగానే పైకొస్తున్నారు. ఎవర్నన్నా అడిగి ఒక కార్డు చూడు. ఫోటోలు దిద్దుకోడానికి, అప్పుడప్పుడు ఆటలకి.

కేకు ఇంకా గాల్లోనే ఉంది.

నీ బావ,
మిత్వల్లీ

ఎనిమిది ఫతీర్లు పంపాను, నేతి పొరల రొట్టెలు. ఎన్ని అందాయో రాయి.


కైరో
జనవరి 14, శనివారం

బావకి సలాములు,

ఐదు అందాయి. ఫిక్రీ మూతికి నెయ్యి ఉంది.

నీకు నవ్వులాటగా ఉంది గానీ బావా, ఇక్కడ నాకు తల ఎత్తుకునేట్టు లేదు. మా వియ్యంకుడు వడ్రంగి కదా, దమియెట్టా పనివాడు. ఆల్బం పెట్టడానికని హాల్లో అద్దాల బీరువా చేయించుకున్నాడు. మధ్య అరలో దీపం కూడా పెట్టించాడు. ఎనిమిది నెలలుగా ఆ దీపం ఖాళీ అర మీద వెలుగుతోంది. ఎవరొచ్చినా దౌలత్ గారు ముందు స్విచ్చి వేస్తుంది. "ఇదిగోనమ్మా, మా కోడలి పుట్టింటివాళ్ళ ఆల్బం పెట్టేది ఇక్కడే" అంటుంది. మొన్న నా ఎదుటే మా ఆవిడతో, "మనవడు ముందొస్తాడో ఫోటోలు ముందొస్తాయో చూద్దాం వదినా" అని నవ్వింది. రబాబ్‌కి నెలలు దగ్గరపడుతున్నాయి. బిడ్డ పుట్టిన ఏడో రోజు వేడుకకి వాళ్ళ చుట్టాలంతా దిగుతారు. అప్పటికి ఆ అర నిండకపోతే నేను లిఫ్టు ఎక్కి మళ్ళీ కిందికి రాను.

కార్డు సంగతి అడిగాను. నాలుగో అంతస్తులో ఇంజనీరు మురాద్ గారని ఉన్నాడు, చాలా తెలిసిన మనిషి. కాకపోతే ఆయనతో నాకు దొరికేది నాలుగంతస్తుల మాటే.

"సార్, ఫోటోలు దిద్దుకోడానికీ అప్పుడప్పుడు ఆటలకీ ఏ కార్డు కొనమంటారు?" అన్నాను.

ఒకటో అంతస్తు దాకా గడ్డం నిమురుకున్నాడు. రెండో దగ్గర, "తెర ఎంతుంటుంది?" అన్నాడు.

"మా బావ మొహమంత ఉంటుంది సార్."

"ఫోటోలకే అయితే పెద్ద కార్డు దండగ. మెమరీ ఎనిమిది ఉన్నది చాలు. పెద్ద కార్డు పెడితే కరెంటు డబ్బా కూడా మార్చాలి. ఆటలు కూడా అంటున్నావు గనక ఒక్క మాట మాత్రం బాగా గుర్తుపెట్టుకో. పాత కార్డు కొనేటప్పుడు ఎట్టి పరిస్థితుల్లోనూ..."

తలుపు తెరుచుకుంది. దిగిపోయాడు. మర్నాటి నించీ సెలవు. అలెగ్జాండ్రియాలో కూతురింటికి వెళ్ళాడట, నెలకి గానీ రాడట.

పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే పిల్ల ఏడో అంతస్తు. ఏడంతస్తులు మాట్లాడుతుంది కదా అని సంతోషపడ్డాను. "ఏ ఆట ఆడతారు అంకుల్? కాల్చుకునేదా, తోలేదా?" అంది. నాకేం తెలుసు? అందుకే అడుగుతున్నా బావా, యాభై ఆరేళ్ళొచ్చి నీకు ఆటలేంటి? నా కూతురి కళ్ళకి కాటుక దిద్దమంటే నువ్వు కూర్చుని ఆటలాడుతున్నావా?

జవాబు కోసం లిఫ్టులోనే ఉంటాను.

వహ్దాన్


కఫ్ర్ షలబీ
జనవరి 17, మంగళవారం

పైకీ కిందికీ తిరిగే బావమరిదికి,

ఖాళీ అర మీద దీపం సంగతి చదివి నవ్వు రాలేదు. నిజంగా. మీ అక్కకి చదివి వినిపించాక ఇద్దరం నవ్వాం.

ఆటలు స్టూడియోకి వచ్చే పిల్లలకి. వాళ్ళు కుదురుగా కూర్చోరు, వాళ్ళ అమ్మలు నన్ను చూస్తారు, నేను గోడని చూస్తాను. అందుకు. అంతకంటే ఎక్కువ అడక్కు. తోలే ఆట అని చెప్పు ఆ పిల్లకి.

పని జరుగుతోంది. ముప్ఫై ఒక్క జతల కళ్ళు పెట్టాను. ఒక ఇబ్బందేమిటంటే, మాంసం వచ్చింది ఎడమ పక్క నించి. దాంతో ఆవిడ ప్రతి ఫోటోలోనూ ఎడమకే చూస్తోంది. ఉంగరాలు మార్చుకునేటప్పుడూ ఎడమకే, దువా చేసేటప్పుడూ ఎడమకే. నిన్న కునుకు పట్టి ఆ కళ్ళు పొరపాటున నీకు పెట్టేశాను. నీకే బాగా నప్పాయి. కానీ తీసేశాలే.

కొత్త కార్డులు మనం కొనేట్టు లేవు, పాతదే చూడు. పాతది మంచిదో కాదో ఎలా తెలుస్తుందని బెంగ పడకు. గుడ్డు బతికుందో లేదో మనం ఎలా చూసేవాళ్ళం? అలాగే కనురెప్పకి ఆనించి చూడు. వెచ్చగా నిలకడగా ఉంటే బతికున్నట్టు, చల్లగా ఉంటే చచ్చినట్టు. మీ నాన్న చేసినంత శ్రద్ధగా చెయ్యి, కన్ను తెరవకు.

ఈసారి ఫతీర్ల బదులు పాత జున్ను పంపుతున్నా. దాని వాసనకి ఫిక్రీ మూత తియ్యడు.

మిత్వల్లీ


కైరో
జనవరి 30, సోమవారం

బావకి,

జున్ను మొత్తం అందింది. బస్సులో వెనక సీటు వాళ్ళు ముందుకొచ్చి కూర్చున్నారట.

శుభవార్త. కార్డు కొన్నాను. ఎలా కొన్నానో చెప్పాలి, నువ్వు నన్ను ఎప్పుడూ మెచ్చుకోవు, ఈసారి మెచ్చుకుంటావు.

బజారు రెండో అంతస్తులో బహ్గత్ అని ఒకడు పాత సామాను అమ్ముతాడు. రెండు కార్డులు చూపించాడు. రెంటికీ ఎనిమిది మెమరీ, రెండూ ఒకే రేటు. "ఏది తీసుకున్నా ఒకటే పెద్దాయనా" అన్నాడు. నాకు అలా అంటే నచ్చదు. రెంటినీ రెండు కంప్యూటర్లకి తగిలించి నడపమన్నాను. పది నిమిషాలు ఆగాను. ఆ తరవాత కళ్ళద్దాలు తీసి, కన్ను మూసుకుని, మొదటి కార్డు వీపుకి రెప్ప ఆనించాను.

"అయ్యో పెద్దాయనా, ఏం చేస్తున్నారు?"

"మాట్లాడకు. వింటున్నాను."

"కార్డుని ముద్దు పెట్టుకుంటే తగ్గించి ఇవ్వను, ముందే చెబుతున్నా!"

చుట్టూ జనం చేరారు. మొదటిది చల్లగా ఉంది బావా. ఫ్యాన్లు కూడా తిరగట్లేదు. ఉలుకూ లేదు పలుకూ లేదు. "ఇది చచ్చిపోయింది" అన్నాను. రెండోది ఆనించానో లేదో, మా నాన్న గుర్తొచ్చాడు. పన్నెండో రోజు గుడ్డుకంటే ఒక పాలు ఎక్కువ వేడి. ఫ్యాన్లు రెండూ బుసకొడుతున్నాయి. ప్రాణమంటే అదీ. "ఇది బతికుంది, కట్టు" అన్నాను. బహ్గత్ కార్డు ఊడదీస్తూ, "ముప్ఫై ఏళ్ళ నించి అమ్ముతున్నా, ఇలాంటి పరీక్ష చూళ్ళేదు" అని టీ తెప్పించాడు. పెద్ద కరెంటు డబ్బా కూడా తీసుకున్నా. రెండూ పాత కోటులో చుట్టి ఫిక్రీకి ఇచ్చాను. కోటు అక్కకి ఇవ్వు, బొత్తాలు కుట్టాలి.

ఇక సాకులు లేవు. ఆల్బం!

గెలిచి వచ్చిన
వహ్దాన్


కఫ్ర్ షలబీ
ఫిబ్రవరి 4, శనివారం

ఒరే వహ్దాన్,

తమాషాకి రాశాన్రా! నిజంగా ఆనించావా? బజారులో? జనం ముందు? ఆ ఉత్తరం మీ అక్కకి చదివి వినిపిస్తే నవ్వలేదు. "మరింకెలా చూస్తారు?" అంది. మీ ఇంటివాళ్ళందరూ ఇంతే.

సరే, కార్డు వచ్చింది. కోటూ వచ్చింది, జేబులో నీ పళ్ళ సెట్టు ఉంది, ఈ ఉత్తరంతో పంపుతున్నా.

కార్డు నా డబ్బాలో పట్టలేదు. నాలుగు వేళ్ళు బయటికొచ్చింది. వెనక్కి జరిపితే మూత పడదు, మూత వేస్తే కార్డు పడదు. రేకు కత్తెర తెచ్చి డబ్బా పక్క భాగం కత్తిరించేశాను. ఇప్పుడు కార్డు మూతి కిటికీలోంచి బయటికి చూసే ముసలమ్మలా ఉంది.

మీట నొక్కాను. బావమరిదీ, మీ రబాబ్ కేకు మింగింది! ఎనిమిది నెలల తరవాత. మీ అక్క చప్పట్లు కొట్టింది. ఆ పూటే నలభై జతల కళ్ళు అతికించాను. అంత వేగంగా అవుతుంటే ఇక తొందరేముంది అనిపించి మూడు రోజులు కాఫీ కొట్టు దగ్గర కూర్చున్నాను. కోప్పడకు, ఎనిమిది నెలల అలసట.

ఒక్కటే చిత్రం. ఆ కంతలోంచి వేడి వస్తుంది చూడు, పక్కన చొక్కా పెడితే ఆరిపోయింది. మీ అక్క నిన్న వచ్చి వంగి ఆ కంత దగ్గర కనురెప్ప పెట్టి చాలాసేపు నిలబడింది. అరచెయ్యి జానెడు దూరం పెట్టి చూసింది, బెత్తెడు దూరం పెట్టి చూసింది. అట్నించి అటే కోళ్ళ గూటి వైపు పోయింది.

నాకెందుకో భయంగా ఉంది.

మిత్వల్లీ


కైరో
ఫిబ్రవరి 11, శనివారం

బావా,

తమాషా అయితే పైన "ఇది తమాషా" అని రాయొద్దా? నువ్వు ఏది రాసినా ఒకేలా రాస్తావు, మేం చచ్చేలోపు ఏది నిజమో ఏది కాదో తెలీదు.

కొంప మునిగింది. మురాద్ గారు అలెగ్జాండ్రియా నించి వచ్చేశాడు. లిఫ్టు ఎక్కగానే, నెల కిందట ఎక్కడ ఆపాడో అక్కణ్ణించే అందుకున్నాడు. "...ఎట్టి పరిస్థితుల్లోనూ వేడెక్కేది కొనకు" అన్నాడు. నేను మూడో అంతస్తులో లిఫ్టు ఆపేశాను. సంగతంతా చెప్పాను. ఆయన గోడకి ఆనుకుని నవ్వుతూ కిందికి జారిపోయాడు. మంచి కార్డులు పని లేనప్పుడు ఫ్యాన్లు ఆపుకుని చల్లగా కూర్చుంటాయట. నేను చచ్చిపోయిందన్నదే బంగారమట. మనం కొన్నది, ఎవడో నెట్లో డబ్బు పుట్టించడానికి రెండేళ్ళు రాత్రింబవళ్ళు నడిపి అరగదీసిందట. అందుకే ఒగరుస్తోందట.

"ఏ క్షణంలోనైనా పోవచ్చు. వెనక్కి ఇచ్చెయ్" అన్నాడు. బహ్గత్ దగ్గరకి పరిగెత్తాను. "పదిహేను రోజుల్లోపు తెస్తే మారుస్తా, కనురెప్పలతో చూడ్డానికి మాత్రం ఇంకెప్పుడూ రావద్దు" అన్నాడు. అంటే ఈ పద్నాలుగో తారీఖు దాకా గడువు. వెంటనే కార్డు విప్పి ఫిక్రీ చేతికివ్వు!

దౌలత్ గారు నిన్న మా ఇంటికొచ్చింది. నేనేదో మాట కలపాలని, "ఆల్బం దారిలో ఉంది" అన్నాను. "నడిచి వస్తోందా?" అంది. ఆ అరలో ఇప్పుడు కాగితం రుమాళ్ళ డబ్బా పెట్టిందట, దీపం వేస్ట్ అవుతోందని.

బావా, దయచేసి.

వహ్దాన్


కఫ్ర్ షలబీ
ఫిబ్రవరి 14, మంగళవారం

ఒరే వహ్దాన్,

కార్డు తియ్యడం కుదరదు. కారణం చెబుతాను, కూర్చుని చదువు. లిఫ్టు కూడా ఆపుకో.

ఐదో తారీఖు తెల్లారి లేచి చూస్తే, కంప్యూటర్ పక్కన కంతకి ఎదురుగా చెక్క పెట్టె ఉంది. పెట్టెలో గడ్డి, గడ్డిలో పద్దెనిమిది కోడిగుడ్లు, పైన తడి గోనె. మీ అక్క పీట వేసుకుని కూర్చుని ఉంది.

"ఏమిటే ఇది?" అన్నాను.

"మా నాన్న పొయ్యికి రోజూ బండెడు గడ్డి పోసేవాడు. ఇదేమో ఊరికే గాలిలోకి పోతోంది. పాపం కదండీ."

ఇవాళ్టికి తొమ్మిది రోజులు. దీపం ముందు పట్టి చూశాం, పద్దెనిమిదింటిలో పదహారు ఎర్రగా నరాలు కట్టాయి. ఇప్పుడు కార్డు తీసేస్తే పదహారు ప్రాణాలు. నీ ఉత్తరం చదివి వినిపించాను. "రాత్రింబవళ్ళు పనిచేసిన కార్డా?" అంది. "ఈ ఇంట్లో అలా పనిచేసేది ఒక్కటన్నా ఉండాలిగా" అంది. నా వైపే చూస్తూ అంది.

అసలు బాధ ఇప్పుడు చెబుతున్నా. కంప్యూటర్ ఊరికే ఉంటే కార్డు చల్లబడుతుంది. కార్డు చల్లబడితే గుడ్లు చల్లబడతాయి. అందుకని అది పని చేస్తూనే ఉండాలి. అంటే నేను పని చేస్తూనే ఉండాలి. కాఫీ కొట్టుకి చెప్పులేసుకుంటే చాలు, మీ అక్క గుడ్డొకటి తీసి కంటికి ఆనించుకుని, "ఏమండీ, కళ్ళు అతికించండి, చల్లబడుతున్నాయి!" అని కేక. భోజనానికి పావుగంట. నూట నలభై జతలయ్యాయి. ముప్ఫై ఏళ్ళలో నేనింత పని ఎప్పుడూ చెయ్యలేదు. గుడ్లు పొదుగుతున్నది కార్డు కాదురా, నేను.

ఇక ఆటల సంగతి. దాచాను, మన్నించు. మిగతాది మీ అక్కే రాస్తుందట, కలం లాక్కుంటోంది.

తమ్ముడూ, ఆటలకీ అని రాయించిందీ నేనే, ఆడేదీ నేనే. లారీ ఆట. మీ బావ భోంచేసేటప్పుడూ పడుకున్నప్పుడూ నేను తోలుతాను, లేకపోతే గుడ్లకి వేడెవరిస్తారు? మామూలు రోడ్డు మీద తోలితే సరిపోదు, కొండలెక్కితేనే కార్డుకి సెగ పుడుతుంది. చలి ఎక్కువగా ఉన్న పూట మంచు కొండల మీదుగా ఇటుకల లోడు వేసుకుంటాను. ఇంతవరకూ ఒక్క బండినీ గుద్దలేదు. మీ బావ ఒకసారి తోలి వంతెన మీంచి నదిలో పడేశాడు, అందుకే నీకు చెప్పలేదు. రబాబ్‌ని మెట్లు ఎక్కొద్దను. నీ కోటుకి బొత్తాలు కుట్టాను. ఇన్సాఫ్.

చూశావుగా. నదిలో పడింది బ్రేకు లోపం వల్ల.

మిత్వల్లీ


కైరో
ఫిబ్రవరి 20, సోమవారం

బావకీ, లారీ అక్కకీ,

తాతనయ్యాను! ఈ తెల్లవారుజామున ఆడపిల్ల. రబాబ్ క్షేమం. పిల్ల నా పోలికే, కాకపోతే పళ్ళు లేవు. "మీకూ లేవుగా" అంది మా ఆవిడ.

గుడ్ల సంగతి చదివాక కార్డు వెనక్కిచ్చే ఆశ వదిలేశాను. మురాద్ గారికి చెప్పాను. ఈసారి తొమ్మిదో అంతస్తు దాకా వచ్చాడు, మళ్ళీ కిందికీ వచ్చాడు, మొత్తం విన్నాడు. గుడ్లు పిల్లలైన రోజు తనకి కబురు చెయ్యమన్నాడు.

ఇప్పుడు అసలు మాట. ఏడో రోజు వేడుక ఆదివారం, వియ్యాలవారింట్లో. దౌలత్ గారి అప్పచెల్లెళ్ళు ఐదుగురు దమియెట్టా నించి వస్తున్నారు. ఆ హాల్లోనే, ఆ బీరువా పక్కనే జల్లెడలో పిల్లని పెట్టి, చప్పుడుకి బెదరకుండా పెరగాలని ఇత్తడి రోలు మోగిస్తారు. అందరి కళ్ళూ ఆ అర మీదే. మనవరాలు నిజంగానే ముందొచ్చేసింది బావా. ఆవిడ గెలిచింది.

ఆవిడ అహంకారం సంగతి కూడా విను. ఆస్పత్రిలో కన్నతండ్రిని నన్ను గది బయట నిలబెట్టి, మా ఆవిణ్ణి కూడా బయట నిలబెట్టి, తనే లోపల కూర్చుంది. తెల్లవార్లూ రబాబ్ చెయ్యి పట్టుకుని వదల్లేదట, మమ్మల్ని దగ్గరికి రానివ్వకుండా. చూశావా? మనిషిని ఎంత తక్కువ చెయ్యాలో అంత చేసింది.

ఆదివారం పొద్దున్న ఫిక్రీ మొదటి ట్రిప్పులో ఆల్బం రావాలి. రాకపోతే నేను అక్కడికి వెళ్ళేది లేదు. మనవరాలి పేరు పెట్టే చోట తాత లేకుండా పోతాడు, నీ ఇష్టం.

వహ్దాన్


కఫ్ర్ షలబీ
ఫిబ్రవరి 26, ఆదివారం, పొద్దున్నే

వహ్దాన్ తాతకి,

ఆల్బం ఫిక్రీ చేతికి ఇస్తున్నాను. నీ కోటులో చుట్టాను, బొత్తాలన్నీ పెట్టాను. నిన్న సాయంత్రం టాంటాలో అచ్చు వేయించుకుని, ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. నూట ఇరవై పేజీలు. వాడికి చెప్పాను, దీని మీద నెయ్యి మరక కనపడితే నీ లైసెన్సు ఫోటోలో నిన్ను గాడిదని చేస్తానని. ఎక్కడా ఆగకుండా వస్తాడు.

మేం రాలేం, ఏమనుకోకు. ఇవాళ ఇరవై ఒకటో రోజు. రాత్రి నించీ గుడ్లలో టిక్కుటిక్కుమని చప్పుడు. మీ అక్క ఆస్ట్రియా దాటి ఎక్కడో కొండ మీద ఉంది, లారీ ఆపేది లేదంటోంది. కార్డు మూలుగుతోంది గానీ పోలేదు. మీ మురాద్ గారితో చెప్పు, పోవాల్సినవన్నీ చెప్పిన రోజున పోవు.

నువ్వు లెక్కపెడతావని ముందే చెబుతున్నా. దౌలత్ గారివి రెండు వందల పదకొండు జతల కళ్ళు తెరవాలి. నేను తెరిచింది రెండు వందల పదే. ఒక ఫోటో వదిలేశాను. బద్ధకం కాదు. నూట పద్దెనిమిదో పేజీ చూడు.

మీ ఇంటి గుమ్మంలో రబాబ్ కారెక్కబోతున్నప్పుడు తీసింది. నువ్వప్పుడు డ్రైవరుతో పోట్లాడుతున్నావు, చూడలేదు. దౌలత్ గారు పిల్ల తల రెండు చేతుల్తో పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టుకుంటోంది. కళ్ళు మూసుకుని ఉంది. అలవాటు కొద్దీ ఆ మాంసం కళ్ళు తెచ్చి అతికించబోయాను. అప్పుడు గమనించాను, ఫోటో నల్లగా ఉంది. గుర్తొచ్చింది, అప్పటికే నా ఫ్లాషు బ్యాటరీ అయిపోయింది. మెరుపే లేదురా అక్కడ. అయినా కళ్ళు మూసుకుంది.

కొంచెం వెలుతురు పెంచాను, అంతే. ఇంకేమీ ముట్టుకోలేదు.

ఆస్పత్రిలో నిన్ను బయట నిలబెట్టిన సంగతి ఆ ఫోటో చూశాక ఇంకోసారి ఆలోచించు. ఆల్బం అరలో పెట్టేముందు ఆవిడ చేతికే ఇవ్వు, ఆ పేజీయే ముందు తెరిచి ఇవ్వు. రుమాళ్ళ డబ్బా దగ్గర్లోనే ఉంచమను, పనికొస్తుంది. చూశాక ఆవిడ ఏమందో ఉన్నదున్నట్టు నువ్వే రాయి, కలిపి చెప్పడానికి ఫిక్రీకి వదిలెయ్యకు. మనవరాలికి ఏం పేరు

మీ అక్క కేకలేస్తోంది. "ఏమండీ, ముక్కు కనపడుతోంది! ఆ కాగితం అక్కడ పడేసి రండి, నేను లారీ వదిలితే లోయలో పడుతుంది!" వస్తున్నానంటే వినదు. పేరు ఏం పెట్టారో రాయి, ఎందుకంటే మొదట బయటికొచ్చే కోడిపిల్లకి మేం కూడా అదే